యమునికి రాని లెక్క

ఆ ఊళ్లో వడ్లు కొలిచేటప్పుడు ఏడు అనరు. ఆరు తర్వాత ఆరున్నొక్కటి అంటారు, ఆ తర్వాత ఎనిమిది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలో, పొరుగూరి బేరగాడో నోరుజారి ఏడు అంటే ఆ కుంచం ఏడుస్తుంది. అంచుల వెంట నీళ్లు ఊరి, అడుగు నుంచి బొట్లు బొట్లుగా కారి, లోపలి వడ్లు నానిపోతాయి. వాటిని చాప మీద మళ్లీ ఎండబోసుకోవాలి. అదొక పని. అందుకే పిల్లలకు ఒంట్లు చెప్పేటప్పుడే ఆరున్నొక్కటి అని నేర్పుతారు. బడి పంతులు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే చెప్తాడు. ఆయన బల్ల ఎప్పుడూ తడిగా ఉంటుంది.

బోధన్ నుంచి ఎడపల్లి పోయే దారిలో, నిజాంసాగర్ కాలువ కింద ఉంటుంది ఊరు. కార్తీకం వచ్చిందంటే ఒక దిక్కు వరికోతలు, ఒక దిక్కు చెరుకు నరుకుడు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ ముందర వరుస కట్టాయంటే మగవాళ్లు మళ్లీ ఎప్పుడు ఇల్లు చేరేదీ చెప్పలేం. ఎడ్లు లేని కొట్టాలు, ఆడవాళ్లు, కల్లాలు మిగులుతాయి.

హన్మవ్వ పొద్దున్నే వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, మక్కగట్క వండి బిడ్డకు పెట్టి కూలికి పోయేది. భూమవ్వ ఒక్కతే బిడ్డ. నిండు నెలలతో తల్లిగారింటికి వచ్చి ఉంది. అల్లుడు నర్సింలు చెరుకుబండితో ఫ్యాక్టరీ కాడ వరుసలో ఉన్నాడు.

భూమవ్వకు ఇదివరకు మూడు కాన్పులయ్యాయి. మొదటి ఇద్దరు కండ్లు తెరవలేదు. మూడోది తెరిచింది, చూసింది, మూసుకున్నది. హన్మవ్వ ఆ సంగతి ఎవరికీ ఇంతకంటే పొడుగ్గా చెప్పలేదు.

ఆ వానకాలం సర్కారు తరఫున ఒక జపాను ఆయన వచ్చి ఊళ్లో తాడు పట్టి వరుసనాటు నేర్పాడు. ఆయన పేరు మోరి. ఊళ్లో మోరి అంటే మురికినీళ్ల కాలువ. పేరు చెప్పిన పొద్దు ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక నారుకట్టలు వదిలి మడిలో కూలబడ్డారు. తమ భాషలో ఆ మాటకు అడవి అని అర్థమని ఆయన చెప్పాడు.

"గట్లయితే అడివి సారు అందామా?"

"వద్దు తియ్యే. ఉరికొస్తరు జనం, పులి వచ్చిందని."

చివరికి పెద్దమనిషిని పట్టుకొని మోరీ అనడం బాగుండదని జపాను సారు అని పిలవసాగారు. ఆయన ఒడ్డు మీద నిలబడి చప్పట్లు చరుస్తూ లెక్క చెప్పేవాడు: ఇచి, ని, సన్, షి. ఒక్కో మాటకు తాడు జరిపి ఒక్కో వరుస నాటాలి, షి తర్వాత మళ్లీ ఇచి. ఆడవాళ్లకు అది పాటలాగా పట్టుబడింది. నాట్లన్నాళ్లూ మడి మడంతా ఇచి, ని, సన్, షి. పంట బాగానే వచ్చింది. నాలుగో వరుస మాత్రం ఎక్కడికక్కడ తాలుపోయింది. గ్రామసేవక్ వచ్చి చూసి మందు కొట్టించాడు. ఏ పురుగో తెలియలేదు.

హన్మవ్వకు వరసకు అత్తయ్యే మంత్రసాని పెంటవ్వ వచ్చి భూమవ్వను చూసిన పొద్దు ఇల్లంతా తేలిగ్గానే ఉంది. పెంటవ్వ బాగా ముసలిది. తనకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, పుట్టగానే ఆమెను పెంటకుప్ప మీద పారేసి, దొరికినదాన్ని తెచ్చుకున్నట్టు తెచ్చుకొని ఆ పేరు పెట్టారు. పెంటవ్వ భూమవ్వ కడుపంతా తడిమి చూసి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తల కిందికే ఉన్నది. తన్నుడు సూడు, కోడెదూడ తన్నినట్టు! ఎన్నోదే కోడలా, ఇది?"

హన్మవ్వ గుమ్మం దిక్కు చూసింది. ఇదే మాట ప్రతిసారీ అడిగారు. మొదటిదన్నది, రెండోదన్నది, మూడోదన్నది. చెప్పినప్పుడల్లా ఎవరో బయట నిలబడి విన్నట్టే అయింది.

"షి," అన్నది.

"ఏంది?"

"షి. జపాను లెక్క."

"తెలుగుల లెక్కలు అయిపోయినయా?"

"ఊకో అత్తా. తెలుగుల చెప్తె ఆడు వింటడు. యమునికి జపాను రాదు."

పెంటవ్వ పండ్లులేని నోటితో పడిపడి నవ్వింది. "అయ్యో, నా కాలంల గీ లెక్క ఉంటే నన్ను పెంట మీద ఎందుకు ఏస్తురు!"

భూమవ్వ కూడా కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది.

"అవ్వా."

"ఏం బిడ్డా?"

"తన్నుడు ఆగింది."

"పండుకున్నదేమో."

పండుకున్నదనే అనుకున్నారు. బెల్లం నీళ్లు తాగించి ఒక పక్కకు పడుకోబెట్టింది హన్మవ్వ. పొద్దు గూకేముందు ఇత్తడి చెంబు కడుపు దగ్గర పెట్టి గరిటెతో మోగించింది. లోపల కదలిక లేదు. తెల్లారి పెంటవ్వ మళ్లీ వచ్చి, చెవి ఆనించి చాలాసేపు విన్నది. లేచేటప్పటికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఉన్నది. పానమున్నది. దూరంగ ఉన్నది కోడలా. తలుపేసుకొని కూసున్నట్టు."

"దవాఖానకు కొంచపోదాం."

"దేని మీద?"

బండ్లన్నీ చెరుకు వరుసలో ఉన్నాయి. హన్మవ్వ అటు పోయేవాళ్లతో నర్సింలుకు మాట పంపింది. పంపింది గాని ఆ మాట ఎప్పుడు చేరాలి, అతను ఎప్పుడు రావాలి. జపాను సారుకు సర్కారు జీపు ఉందని గుర్తొచ్చింది. చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి కల్లం దిక్కు ఉరికింది.

కల్లంలో జపాను సారు మడి వడ్లే కొలుస్తున్నారు. కొలిచేది ఆశన్న. ఊళ్లో ఎవరి కల్లమైనా కుంచం పట్టేది ఆయనే. జపాను సారు టోపీ పెట్టుకొని పక్కన గొంతుక్కూర్చొని ఉన్నాడు. జీపు లేదు.

"సారూ, జీపు..."

"నిజామాబాద్ పోయింది అమ్మా. పొద్దుగూకి వస్తది." నాట్ల నుంచి కోతల దాకా ఆడవాళ్లతో కలిసి తిరిగి ఆయన ఊరి మాటే నేర్చాడు. "ఏమైంది?"

హన్మవ్వ కుప్ప పక్కన నేల మీద కూర్చుండిపోయింది. పొద్దుగూకి అంటే ఎంతసేపు. అప్పటికి ఏముంటుంది. ఆశన్న గొంతు మాత్రం చెవిలో పడుతోంది.

"లాభం... లాభం. రెండు... రెండు. మూడు..." ఒకటికి బదులు లాభమంటారు కల్లంలో. "ఆరు... ఆరు. ఆరున్నొక్కటి..."

"ఆశన్నా," అన్నాడు జపాను సారు. "ఎప్పుడు అడుగుదామన్నా మరుస్తున్న. మీ లెక్కల ఏడు ఎందుకు లేదు?"

ఆశన్న చేతిలో కుంచం అంచు చెమర్చింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారాయి.

"అయ్యో సారూ!" అన్నారు తూర్పారబట్టే ఆడవాళ్లు.

ఆశన్న చెయ్యి మాత్రం ఆగలేదు. ఏడ్చిన కుంచాన్ని కుప్పలో బోర్లించి, అక్కడే మళ్లీ ముంచి, "ఎనిమిది," అంటూ అవే వడ్లను గోనెలో పోశాడు. కుంచం పొడిగా ఉంది. తొమ్మిది, పది దాకా పోయి అప్పుడు ఊపిరి పీల్చాడు.

"ఆ మాట అన్నమంటే ఏడువుమన్నట్టె సారు. ఏడువుమంటే ఏడువకుంట ఉంటదా?"

జపాను సారు తొడ చరుచుకొని నవ్వాడు. "మా దగ్గర గూడ! మాకు నాలుగు. షి అంటే నాలుగు. షి అంటే సచ్చుడు గూడ. రెంటికి ఒకటే మాట. అందుకే యోన్ అంటం. మా దవాఖానల నాలుగో నంబరు అర్ర ఉండది."

హన్మవ్వ తలెత్తింది.

"మల్ల ఏమన్నరు సారు?"

"షి. సచ్చుడు."

"మడిల మీరే అన్నరు గద. సప్పట్లు కొట్టుకుంట."

"వరుసగ లెక్కపెడితె అంటం అమ్మా. ఏం గాదు. మా నేల మీద అది ఉత్త మాటనే..."

ఆయన అంటూనే మడి దిక్కు తిరిగాడు. కోసిన వరుసల మధ్య, కొడవలి పెట్టడం దండగని వదిలేసిన నాలుగో వరుసలు తెల్లగా, తాలుగా నిలబడి ఉన్నాయి. ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా. ఆయన టోపీ తీశాడు.

"నిన్న నా బిడ్డ కడుపును షి అన్న. అప్పటిసంది తన్నుడు లేదు," అన్నది హన్మవ్వ.

తూర్పారబట్టే చేటలు ఆగిపోయాయి.

"యమునికి తెల్వకుంట దాస్తున్ననుకున్న. నేనే పిలిచిన. పేరు పెట్టి పిలిచిన." ఆమె జపాను సారు చెయ్యి పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్న సోయి లేదు. "తిప్పుండ్రి సారు. మీ మాటనే గద. ఆ ఇంకో మాట ఉన్నదన్నరు గద, యోను, అది అంటె పోదా?"

ఆయన ఆశన్న వంక చూశాడు. ఈ నేల మీద మాట సంగతి తనకంటే ఆశన్నకు తెలుసు.

"పోదు చెల్లె," అన్నాడు ఆశన్న. "పేరు అనకముందు మార్సాలె. అన్నంక ఏం లాభం? ఇప్పుడు కుంచం ఏడిస్తె నేనేం జేసిన? ఆగలె. లెక్క ఆగితేనే కీడు. ఆ వడ్లనే మళ్ల కుప్పల పోసి ఇంకో లెక్కకు ఎత్తుకున్న. నీది నిన్న షి కాడ ఆగింది. నడిపియ్యి."

"ఎందాక?"

ఆశన్న జపాను సారును చూపించాడు. "ఆయన లెక్క. ఆయన్నే అడుగు."

జపాను సారు కొడవలి కొసతో కల్లం దుమ్ములో గీశాడు. ముందు నాలుగు గోడలు, చుట్టూ మూసిన గది. లోపల పైగోడ నుంచి రెండు గీతలు వేలాడదీశాడు, ఒకటి ఇటు వంగి, ఒకటి అటు వంగి.

"గిది షి."

హన్మవ్వకు అది లెక్కలాగా కనబడలేదు. మూసిన గదిలో రెండు చిన్న కాళ్లు కనబడ్డాయి. తలుపేసుకొని కూసున్నట్టు, అన్నది పెంటవ్వ.

ఆయన పక్కనే మళ్లీ గీశాడు. ఈసారి గోడలు లేవు. రెండే గీతలు. పైన దగ్గరగా మొదలై కిందికి పోయినకొద్దీ విడిపోయాయి.

"గిది హచి. ఎనిమిది. పైన ఇరుకు, కింద వెడల్పు. ఇసురుకర్ర ఇప్పినట్టు, ముందటికి పోయినకొద్ది తెరుసుకుంటది. మా దేశంల అందరు గీ లెక్కనే కోరుకుంటరు. పెండ్లికి, దుకాణానికి, అన్నిటికి."

అవే రెండు గీతలు. అక్కడ గోడల నడుమ ఉన్నాయి, ఇక్కడ బయట పడ్డాయి. హన్మవ్వ వేలితో ఒక దాన్నీ ఒక దాన్నీ ముట్టి చూసింది.

"నడుమ ఏమున్నయి సారు?"

"గో. రోకు. షిచి." మూడో మాట దగ్గర ఆయన నెమ్మదించాడు. "షిచి మీ ఆరున్నొక్కటి. మేము దానికి గూడ ఇంకో మాట..."

"ఏ మాటంటే ఏంది," అన్నాడు ఆశన్న. "ఈడ అది అదే." తర్వాత హన్మవ్వతో గొంతు తగ్గించి అన్నాడు. "పానంతోటి మొదలైన లెక్క పానాలతోనే నడవాలె చెల్లె. వడ్ల నడుమ రాళ్లు కొలవం. ఆ షిచి ఎవరి మీద పడుతదో వాళ్లు..."

"తెలుసన్నా," అన్నది హన్మవ్వ. అప్పటికే లేచింది.

దారి పొడుగునా గో, రోకు, షిచి, హచి అనుకుంటూ ఉరికింది. ఒక్క మాట జారితే ఏమవుతుందో అని పలకరించిన వాళ్లకు బదులు చెప్పలేదు. పెదవులు ఆడిస్తూ గొంతులోనే పట్టుకొచ్చింది.

ఇంట్లో భూమవ్వకు నొప్పులు మొదలయ్యాయి. ముఖం బూడిద రంగులో ఉంది. పెంటవ్వ ఆమె వెనక కూర్చొని నడుము పట్టుకొని ఉంది.

"నొప్పులు వస్తున్నయి, బిడ్డ వస్తలేదు. ఎటు పోయినవే?"

హన్మవ్వ బియ్యప్పిండి తీసుకొని భూమవ్వ ముందర నేల మీద గది గీసింది. నాలుగు గోడలు. లోపల రెండు గీతలు.

"కాన్పు జాగల ముగ్గేందే, పిచ్చి లేసిందా?"

"అత్తా, ఒక లెక్క నీ మీద పడాలె. ఎందుకంటే..."

"ఎందుకో చెప్పకు. ఏస్కో. నన్ను పుట్టిననాడే పారేసిండ్రు, ఏ లెక్కలనన్న పెట్టు."

హన్మవ్వ భూమవ్వ తల మీద చెయ్యి వేసింది. "గో," అని పైగోడ తుడిచింది. భూమవ్వ పెద్దగా ఊపిరి తీసింది.

పెంటవ్వ భుజం ముట్టింది. "రోకు." ఎడమగోడ తుడిచింది.

ఆ తర్వాత తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. పెట్టుకొని ఒక్క క్షణం ఆగింది. భయమేసి కాదు. ఆ మాట తప్పు పలుకుతానేమోనని.

"షిచి."

కుడిగోడ పోయింది. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. కడుపులో ఎక్కడో అడుగు నుంచి వచ్చింది. మొదటి ఇద్దరినీ పాత చీరలో చుట్టి ఇచ్చినప్పుడు రానిది, మూడోదాని కండ్లు వేలితో మూసినప్పుడు రానిది, కట్ట తెగినట్టు వచ్చింది. హచి అందామని నోరు తెరిచింది. వెక్కు వచ్చింది. మళ్లీ తెరిచింది. వెక్కే వచ్చింది. లెక్క ఏడు దగ్గర ఆగి ఉంది, కిందిగోడ అట్లాగే ఉంది.

"అను!" అరిచింది పెంటవ్వ. "ఇంకోటి ఉన్నది గదా, అనవే హన్మా! నాకు తెల్వది ఆ మాట!"

హన్మవ్వ తల ఊపింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకొని ఏడుపును లోపలికి నెట్టబోయింది. ఆ మాట ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. భూమవ్వ కేక పెట్టింది. ఉమ్మనీళ్లు నేల మీద పారి కిందిగోడను కడుక్కుంటూ పోయాయి. పిండి గీత తెల్లటి చారగా గడప దాకా జారింది. విడిపోయిన రెండు గీతలే మిగిలాయి.

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. నీలంగా, మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చింది.

పెంటవ్వ కాళ్లు పట్టి తలకిందులు చేసి వీపు మీద చరిచింది. ఏమీ లేదు. మళ్లీ చరిచింది. హన్మవ్వ నోరు తెరిచి ఉంది, అందులోంచి మాట తప్ప అన్నీ వస్తున్నాయి. ఇంటి ముందు దారిలో పోయేవాళ్లు ఆ ఏడుపు విని, అయిపోయిందనుకొని నిలబడ్డారు. పెంటవ్వ బిడ్డను ఒళ్లో వేసుకొని, పిండి అంటిన వేలితో ముక్కూ నోరూ తుడిచింది.

బిడ్డ ముఖం ముడుచుకుంది.

"హచ్చి," అని తుమ్మింది.

"నూరేండ్లు!" అన్నది పెంటవ్వ. పసిపిల్లలు తుమ్మితే ఎవరైనా అనేదే అన్నది, అలవాటు కొద్దీ. అన్న తర్వాతగాని ఆమెకు చేతుల్లో ఉన్నది ఏడుస్తున్నట్టు తెలియలేదు.

ఆ తుమ్ము ఏ లెక్కో హన్మవ్వకు మాత్రం తెలిసింది. వెక్కుతూనే వేళ్లు ఎనిమిది విప్పి చూపించింది. భూమవ్వ ఆ వేళ్ల వంక చూసి, "ఏందవ్వా అది?" అన్నది.

పొద్దుగూకే వేళకు జీపు వచ్చింది. దాంట్లోంచి ముందు దిగింది నర్సింలు. ఎడ్లను ఎవరికో అప్పజెప్పి నడుస్తూ వస్తుంటే దారిలో ఎక్కించుకున్నారు. గుమ్మంలో అత్త కండ్లు ధారగా కారుతుంటే చూసి, అక్కడే మోకాళ్ల మీద కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. హన్మవ్వ కాదు కాదని చేతులూపింది. అతను అది చూడలేదు. లోపల నుంచి బిడ్డ గొంతు వినబడ్డాక కూడా నమ్మలేదు. "ఎవరి బిడ్డ?" అని అడిగాడు.

"నీదే బిడ్డా, లోపటికి పో," అన్నది పెంటవ్వ. తన కాలంలోలాగా ఒకసారి పెంట మీద పారేసి తెచ్చుకుంటే మంచిదని ఆమెకు ఉంది. భూమవ్వ ఒప్పుకోలేదు. "నేనెక్కడ పారెయ్య," అని చేతుల్లోంచి దించలేదు.

హన్మవ్వ కండ్లు మళ్లీ ఎండలేదు. గొంతు కొన్నాళ్లకు తేరుకున్నది గాని, నీళ్లు ఆగలేదు. అన్నం వండుతుంటే కారాయి, నవ్వుతుంటే కారాయి, బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే కారాయి. ఊరివాళ్లు కల్లంలో ఆమెను వడ్లకు దూరంగా, గడ్డివాము దిక్కు పనికి పెట్టారు. పెండ్లిళ్లలో ఆమె ముందు విస్తరి వేస్తే ఉప్పు తగ్గించేవారు. కొత్తవాళ్లు "ఎందుకేడుస్తున్నవవ్వా?" అని అడిగితే, "మనుమరాలు పుట్టింది," అనేది. ఎప్పుడు అని అడిగితే, ఎదిగిన పిల్లను చూపించేది.

ఆ పిల్ల ఇంట్లో ఎక్కడ వేసినా ఏడ్చేది, అవ్వ ఒళ్లో వేస్తే నిద్రపోయేది. ఒంటి మీద చినుకులు పడుతుంటేనే దానికి కన్ను మూతపడేది. మాటలు వచ్చాక ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కాలువ ఎండి, చెట్టు మీద ఆకు కదలని పూట, అవ్వ ఒళ్లో నిద్ర లేచి వాకిట్లోకి పోయింది. ఆరిన నేలను అరచేతులతో తడిమి చూసి లోపలికి వచ్చింది.

"అవ్వా," అన్నది, "బయట వాన ఎందుకు పడలేదు?"